క్యాంపస్ నెట్ రాకపోతే ఎవర్ని అడగాలి? మా యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్ హెల్ప్ డెస్క్ మీద నా రివ్యూ

మాది తెలంగాణలో ఒక యూనివర్సిటీ, పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద చెప్పే ఇబ్బందులు మా ఒక్క చోటే ఉన్నవి కావు, వేరే క్యాంపస్‌లలో ఉన్న ఫ్రెండ్స్ కూడా ఇవే చెప్తుంటారు, ఒక్కరి మీద పెట్టి రాయడం న్యాయం కాదు. ఇక్కడే ఎమ్మెస్సీ చేశా, ఇప్పుడు పీహెచ్‌డీ, హాస్టల్లోనే ఉంటా, కాబట్టి ఈ నెట్‌వర్క్ సర్వీసు మీద బాగానే ఆధారపడి బతుకుతున్నా. ముందే తేల్చి చెప్పేస్తా. కౌంటర్‌లో కూర్చునే మనుషులకి ఐదుకి ఐదు. ఆన్‌లైన్ కంప్లైంట్ పోర్టల్‌కి ఐదుకి ఒకటి. ఒకే ఆఫీసు, ఒకే పని, అయినా ఇంత తేడా ఎందుకుందో తెలిస్తే మీ టైమ్ చాలా మిగుల్తుంది.

పోర్టల్ సంగతి ముందు చెప్తా, అది త్వరగా అయిపోతుంది. క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఉంటేనే ఆ పేజీ ఓపెన్ అవుతుంది, అంటే నెట్ పోయిందని చెప్పాలంటే నెట్ ఉండాలి, మొబైల్ డేటా మీద ఓపెన్ చేస్తే తెల్ల పేజీ. సరే ఫ్రెండ్ రూమ్‌కి వెళ్ళి కంప్లైంట్ పెట్టామనుకోండి, రెండ్రోజులకి 'రిజాల్వ్డ్' అని మెసేజ్ వస్తుంది, ఎవరూ వచ్చిందీ లేదు, చూసిందీ లేదు. దీనికి అందరూ స్టాఫ్‌ని తిడతారు, నేను కౌంటర్‌లో అడిగితే అసలు కారణం తెలిసింది. ఆ ఫామ్‌లో హాస్టల్ బ్లాక్ పేరు మాత్రమే అడుగుతుంది, రూమ్ నంబర్‌కి కాలమే లేదు, ఫోన్ నంబర్ మనం అడ్మిషన్ అప్పుడు ఇచ్చింది తీస్కుంటుంది, అది సగం మందికి ఇంట్లో వాళ్ళది. టెక్నీషియన్ బ్లాక్‌కి వస్తాడు, ఏ రూమో తెలీదు, ఫోన్ చేస్తే ఊళ్ళో ఉన్న నాన్న ఎత్తుతాడు, పిల్లలందరూ క్లాసులకి పోయుంటారు, రూముల కేబుళ్ళన్నీ కలిసే స్విచ్ అనే డబ్బాలో లైట్లు వెలుగుతున్నాయా చూసి టికెట్ క్లోజ్ చేసి వెళ్ళిపోతాడు. పైనుంచేమో ఎన్ని టికెట్లు ఎన్ని గంటల్లో క్లోజ్ అయ్యాయనే లెక్క అడుగుతారంట. అలాంటప్పుడు ఆ మనిషి మాత్రం ఏం చేస్తాడు చెప్పండి.

అందుకే నేనెవరికైనా చెప్పేది ఒకటే, ల్యాప్‌టాప్, చార్జర్, ఐడీ కార్డు పట్టుకుని నేరుగా వెళ్ళిపోండి. కంప్యూటర్ సెంటర్ గ్రౌండ్ ఫ్లోర్‌లో సర్వర్ రూమ్ పక్కనే కౌంటర్. పదిన్నర లోపు వెళ్తే రద్దీ ఉండదు, మధ్యాహ్నం నుంచి ఆఫీసు స్టాఫ్ ప్రింటర్ల గోల మొదలవుతుంది. అక్కడ ఇంకా పెద్ద రిజిస్టర్ పెట్టి చేత్తో రాస్కుంటారు, పేరు, రూమ్, ఫోన్, ఏం ప్రాబ్లమ్, ఎవరు చూశారు, అన్నీ. పోర్టల్‌లో లేని రూమ్ నంబర్ ఆ రిజిస్టర్‌లో ఉంది, అందుకే అక్కడ పనవుతోంది.

ఒక సంగతి వివరంగా చెప్తా, వీళ్ళకి పని ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది. సెమిస్టర్ ఎగ్జామ్స్ ముందు మా ఫ్లోర్ మొత్తానికి నెట్ పోయింది. పోయిందంటే కొందరికి వస్తోంది, కొందరికి రావట్లేదు, లాన్ (కేబుల్ కనెక్షన్) కనెక్ట్ అయినట్టే చూపిస్తోంది గానీ ఏ పేజీ ఓపెన్ కాదు. స్కాలర్‌షిప్ కోసం ఈపాస్‌లో డాక్యుమెంట్లు పెట్టాల్సిన జూనియర్లు ఉన్నారు, లాస్ట్ డేట్ దగ్గరికొచ్చింది, ఏడుపొక్కటే తక్కువ. ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్తే కౌంటర్‌లో ఉన్న అన్న "రూమ్‌లో ఉన్నప్పుడు ఏ ఐపీ వచ్చిందో చూశావా?" అన్నాడు. ఐపీ అంటే నెట్‌వర్క్ మన ల్యాప్‌టాప్‌కి ఇచ్చే నంబర్ అడ్రస్. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి తీసిన ఫోటో ఉంది, చూపించా. మా క్యాంపస్ అడ్రస్‌లు 10తో మొదలవుతాయి, నాకొచ్చింది 192.168 సిరీస్‌ది. చూడగానే "ఎవరో రూటర్ తెచ్చి తప్పు పోర్ట్‌లో గుచ్చారు, పద" అన్నాడు.

జరిగిందేంటంటే, ఇంటి వైఫై రూటర్‌కి వెనక వాన్ అని ఒక పోర్ట్ విడిగా ఉంటుంది, మిగతావి లాన్ పోర్టులు. గోడలోంచి వచ్చే కేబుల్ వాన్‌లో పెడితే ఆ రూటర్ తన పని తాను చేస్కుంటుంది. అదే కేబుల్ లాన్ పోర్ట్‌లో పెడితే ఆ చిన్న డబ్బా ఫ్లోర్ మొత్తానికి తనే ఐపీ అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది. మన ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే 'నాకొక అడ్రస్ కావాలి' అని అడుగుతుంది కదా, క్యాంపస్ సర్వర్ ముందు జవాబిస్తే నెట్ వస్తుంది, పక్క రూమ్ రూటర్ ముందు జవాబిస్తే రాదు. అందుకే కొందరికి వచ్చి కొందరికి రాలేదు.

మా బ్లాక్‌కి వచ్చి, నా ల్యాప్‌టాప్‌లోనే గేట్‌వే, అంటే ఆ రూటర్, మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ విడిగా ఉండే గుర్తింపు నంబర్) తీసి, మెట్ల కింద ర్యాక్‌లో ఉన్న స్విచ్‌లోకి లాగినై ఆ మ్యాక్ ఏ పోర్ట్ మీద కనిపిస్తోందో చూశాడు, ఆ పోర్ట్ ఏ రూమ్‌దో ప్యానెల్ మీద మార్కర్‌తో రాసుంది. నేరుగా ఆ రూమ్ తలుపు కొట్టాడు. ఫస్టియర్ పిల్లాడు, భయపడిపోయాడు. అన్న ఒక్క మాట కూడా అరవలేదు, "హాస్టల్‌లో సొంత రూటర్ పెట్టకూడదమ్మా, ఇదిగో ఇందుకే" అని వాడికే స్క్రీన్ మీద చూపించి, రూటర్ తీయించి, వాడి ల్యాప్‌టాప్‌కి డైరెక్ట్ కేబుల్ పెట్టి నెట్ వచ్చాకే కదిలాడు. కిందికొచ్చి స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనే సెట్టింగ్ ఆన్ చేశాడు, దాంతో నమ్మకమైన పోర్ట్ నుంచి తప్ప ఇంకెక్కణ్ణుంచి అడ్రస్‌లు పంచినా స్విచ్చే ఆపేస్తుంది. మా బ్లాక్‌లో ఆ గొడవ మళ్ళీ రాలేదు. పోర్టల్‌లో ఆ వారం మా ఫ్లోర్ వాళ్ళు పెట్టిన టికెట్లన్నీ అప్పటికే 'రిజాల్వ్డ్' అయ్యున్నాయి.

దీన్నిబట్టి మీరు గుర్తుపెట్టుకోవాల్సింది, వెళ్ళే ముందు మీ ఐపీ అడ్రస్ చూస్కుని ఫోటో తీస్కోండి. 169.254తో మొదలైతే అసలు ఎవరూ అడ్రస్ ఇవ్వలేదని అర్థం, అంటే కేబులో, స్విచ్ పోర్టో, మీ మ్యాక్ రిజిస్ట్రేషనో చూడాలి. మీ క్యాంపస్‌ది కాని 192.168 వస్తే దొంగ రూటర్ ఉందేమో చూడాలి. సరైన అడ్రస్సే వచ్చి పేజీలు రాకపోతే లోపం లాగిన్ దగ్గరో డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుకి నంబర్ అడ్రస్ వెతికి ఇచ్చేది) దగ్గరో ఉంది. ఈ ఒక్క ఫోటో ఉంటే అరగంట ప్రశ్నలు తప్పుతాయి. కేబుల్ అనుమానం ఉంటే కేబుల్ కూడా తీస్కెళ్ళండి, అక్కడ టెస్టర్ ఉంది, రెండు చివర్లు గుచ్చితే 1 నుంచి 8 దాకా లైట్లు వరసగా వెలగాలి. నాది 3 దగ్గర వెలగలేదు, పాత కనెక్టర్ కట్ చేసేసి వైర్లు విడదీసి, ఆరెంజ్ జత, మధ్యలో బ్లూ, దాని చుట్టూ గ్రీన్, చివర్లో బ్రౌన్, వరస పెట్టి కొత్తది క్రింప్ చేసిచ్చాడు. పైసా తీస్కోలేదు. 4, 5, 7, 8లో ఏదైనా పోతే నెట్ వస్తుంది గానీ గిగాబిట్ స్పీడ్ రావాల్సిన చోట 100 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుందంట, 'నెట్ స్లో' అని తిరిగే వాళ్ళు ఇది కూడా చూపించుకోండి.

ఇప్పుడు స్కాలర్లకి ముఖ్యమైనది. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (జర్నల్స్‌కి కేంద్ర ప్రభుత్వమే చందా కట్టే పథకం) వచ్చింది కదా, 30 పబ్లిషర్లవి దాదాపు 13,000 జర్నల్స్, 6,300 పైచిలుకు ప్రభుత్వ సంస్థల వాళ్ళకి, మూడేళ్ళకి 6,000 కోట్లు కేటాయించారు. మా లాంటి వాళ్ళకి ఇది మామూలు విషయం కాదు, ఇదివరకు ఒక్క పేపర్ కోసం ఎవరెవరినో అడుక్కునేవాళ్ళం. తీరా చూస్తే డిపార్ట్‌మెంట్‌లో ఓపెన్ అయ్యే పేపర్ హాస్టల్‌లో డబ్బులడుగుతోంది. లైబ్రరీలో అడిగితే నెట్‌వర్క్ వాళ్ళని అడగమన్నారు, పోర్టల్‌లో పెడితే 'నెట్ పనిచేస్తోంది, లైబ్రరీని సంప్రదించండి' అని క్లోజ్ చేశారు. ఇలా ఒకరి మీద ఒకరు తోసేస్తుంటే థీసిస్ రాసేవాడికి ఎంత విసుగు పుడుతుందో అనుభవించిన వాళ్ళకే తెలుసు.

కౌంటర్‌లో సిస్టమ్స్ చూసే మేడమ్ ఉన్నారు, ఆవిడకి చెప్పా. "డిపార్ట్‌మెంట్‌లో ఒకసారి, హాస్టల్‌లో ఒకసారి మన పబ్లిక్ ఐపీ ఎంత చూపిస్తోందో రాస్కుని రా" అన్నారు. పబ్లిక్ ఐపీ అంటే బయటి వెబ్‌సైట్లకి కనిపించే మన అడ్రస్, గూగుల్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని కొడితే వచ్చేస్తుంది. రెండు నంబర్లూ కాగితం మీద రాస్కుని వెళ్తే పక్కపక్కన పెట్టి చూపించారు, రెండూ వేర్వేరు. డిపార్ట్‌మెంట్లు, లైబ్రరీ విద్యాసంస్థల కోసం కేంద్రం నడిపే నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ లైన్ మీద ఉన్నాయి, హాస్టళ్ళకి మాత్రం లోడ్ తగ్గిద్దామని ఒక ప్రైవేట్ ప్రొవైడర్ లైన్ ఇచ్చారు. పబ్లిషర్ వెబ్‌సైట్ మన మొహం చూడదు, మన యూనివర్సిటీవి అని వాళ్ళ దగ్గర ఉన్న ఐపీ అడ్రస్‌ల లిస్ట్ చూస్తుంది. హాస్టల్ లైన్ అడ్రస్ ఆ లిస్ట్‌లో లేదు. అంతే సంగతి. లైబ్రరీ తప్పూ కాదు, నెట్ పాడవ్వనూ లేదు, రెండు ఆఫీసుల మధ్య ఒక నంబర్ చేరలేదు.

మేడమ్ అప్పటికప్పుడు లైబ్రేరియన్‌గారికి ఫోన్ చేసి, హాస్టల్ లైన్‌కి మారని అడ్రస్ ఉంది కాబట్టి దాన్ని లిస్ట్‌లో చేర్పించమని మెయిల్ పెట్టారు, అది చేరేలోపు ఇన్‌ఫెడ్ ద్వారా లాగిన్ ఎలా అవ్వాలో నా ల్యాప్‌టాప్‌లోనే చేయించారు. ఇది గుజరాత్‌లో ఉన్న, యూనివర్సిటీ లైబ్రరీల కోసం పనిచేసే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ళు నడిపే పద్ధతి, పబ్లిషర్ సైట్‌లో సంస్థ లాగిన్ ఎంచుకుని యూనివర్సిటీ పేరు వెతికితే మన యూనివర్సిటీ లాగిన్ పేజీయే వస్తుంది, అక్కడ మన ఐడీ కొడితే ఇంటి నుంచైనా ఊరి నుంచైనా పేపర్లు తెరుచుకుంటాయి. సెలవులకి ఊరెళ్ళి పని ఆగిపోయిందనుకునే స్కాలర్లు ఎంతమందో, వాళ్ళందరికీ ఈ ఒక్క ముక్క చెప్తే చాలు. ఇంత పనికొచ్చే విషయం కంప్యూటర్ సెంటర్ పేజీలో గానీ హాస్టల్ నోటీస్ బోర్డులో గానీ ఒక్క లైన్ కూడా లేదు, నాకు నిజంగా బాధేసింది. తెలిసిన మనిషి బల్ల అవతల కూర్చునుంది, అవసరమున్న వందల మందికి ఆ బల్ల దాకా వెళ్ళాలని తెలీదు.

ఫోన్ల గురించి కొంచెం. క్యాంపస్‌లో మ్యాక్ అడ్రస్ రిజిస్టర్ చేయించుకున్నాక కూడా వైఫై రావట్లేదంటే, ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఫోన్ తన అసలు మ్యాక్ దాచేసి వేరేది చూపిస్తుంది, క్యాంపస్ వైఫై ఒక్కదానికి ఆ ప్రైవేట్ అడ్రస్ ఆప్షన్ ఆపేస్తే సరిపోతుంది, మిగతా చోట్ల ఆన్‌లోనే ఉంచుకోండి. ఇంకోటి, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పాత స్క్రీన్‌షాట్‌లో సర్టిఫికెట్ (ఇది అసలైన క్యాంపస్ వైఫైయేనని ఫోన్‌కి చూపే రుజువు) దగ్గర 'వ్యాలిడేట్ చేయొద్దు' అని పెట్టమనుంటుంది, ఆండ్రాయిడ్ 11 నుంచి చాలా ఫోన్లలో ఆ ఆప్షనే లేదు, పోవడమే మంచిదైంది. సర్టిఫికెట్ చూడకపోతే ఎవడో మన వైఫై పేరే పెట్టి ఇంకో యాక్సెస్ పాయింట్ నడిపితే ఫోన్ దానికి కూడా మన పాస్‌వర్డ్ అప్పజెప్పడానికి సిద్ధమైపోతుంది. డొమైన్ అని అడిగే గడిలో ఏం రాయాలో కౌంటర్ అద్దం మీద కాగితం అంటించారు, అది ఫోటో తీస్కోండి.

పాస్‌వర్డ్ అంటే గుర్తొచ్చింది, ఫ్రెండే కదా అని ఐడీ ఇచ్చేయకండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్స్ (ఏ ఐడీతో ఎప్పుడు ఏం జరిగిందనే రికార్డులు) 180 రోజులు దాచి ఉంచాలి, రేపు ఏదైనా జరిగితే లాగ్‌లో కనిపించేది మీ పేరే, వాడింది ఇంకెవరో అని నిరూపించుకోవడం మీ తరం కాదు. హెల్ప్ డెస్క్ వాళ్ళు ఎప్పుడూ పాస్‌వర్డ్ అడగరు, మార్చాల్సి వస్తే కీబోర్డ్ మన వైపు తిప్పి వాళ్ళు మొహం పక్కకి తిప్పుకుంటారు. మెయిల్‌బాక్స్ నిండిపోయింది, లింక్ నొక్కండి అని మెయిల్ వస్తే అది వీళ్ళది కాదు.

కాన్ఫరెన్స్‌కో, విదేశాలకో వెళ్ళేవాళ్ళు ఎడ్యురోమ్ గురించి తప్పక అడగండి. వందకి పైగా దేశాల్లో యూనివర్సిటీల్లో ఈ పేరుతో వైఫై ఉంటుంది, మన దగ్గర దీన్ని చూసేది ఎర్నెట్ ఇండియా అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. మీ యూనివర్సిటీ అందులో ఉంటే జర్మనీలో దిగినా మీ ఐడీతోనే కనెక్ట్ అవ్వొచ్చు, యూజర్ నేమ్ దగ్గర మాత్రం ఉత్త రోల్ నంబర్ కాకుండా ఎట్ గుర్తు పెట్టి యూనివర్సిటీ డొమైన్ దాకా మొత్తం రాయాలి, ఎందుకంటే అక్కడి సర్వర్ ఆ డొమైన్ చూసే మీ రిక్వెస్ట్ ఇక్కడికి పంపుతుంది, పాస్‌వర్డ్ సరిచూసేది మన సర్వరే. అందుకే ఇక్కడే సెట్ చేస్కుని, ఇక్కడే ఒకసారి కనెక్టయి చూస్కుని బయల్దేరండి. అక్కడికెళ్ళాక రాకపోతే అక్కడి వాళ్ళు మీ హోమ్ యూనివర్సిటీని అడగమంటారు, ఇక్కడేమో అప్పటికి అర్ధరాత్రి.

మారాల్సినవి కూడా చెప్పాలి. కౌంటర్ సాయంత్రం ఐదున్నరకి మూసేస్తారు, హాస్టల్లో నెట్ మీద అసలు లోడ్ పడేదే ఎనిమిది తర్వాత. కనీసం ఎగ్జామ్స్ టైమ్‌లో, థీసిస్ సబ్మిషన్ల నెలలో ఒక ఈవెనింగ్ షిఫ్ట్ పెట్టాలి. పెట్టాలంటే మనుషులు కావాలి, ఉన్న కొద్దిమందిలో ఎక్కువమంది కాంట్రాక్ట్ మీద ఉన్నవాళ్ళే, ఏటా రెన్యువల్ అవుతుందో లేదో అనే బెంగతో పనిచేస్తున్నారు. ఏ స్విచ్ ఏ మూల ఉందో, ఏ బ్లాక్‌లో ఏ కేబుల్ ఎప్పుడు లాగారో మొత్తం ఆ అన్న తలలో ఉంది. రేపు ఆయన్ని తీసేస్తే ఆ తెలివంతా ఆయనతోపాటే వెళ్ళిపోతుంది, ఇది అడ్మినిస్ట్రేషన్ వాళ్ళు సీరియస్‌గా తీస్కోవాలి, ఆయన ఉద్యోగం పర్మనెంట్ చేయడం గురించీ, ఆయనకి తెలిసింది రాసి పెట్టించడం గురించీ రెండూ.

పోర్టల్‌కి నేను లెటర్ కూడా ఇచ్చా, రూమ్ నంబర్ కాలమ్ పెట్టండి, మొబైల్ డేటా మీద ఓపెన్ అయ్యేలా చేయండి, గ్యాస్ సిలిండర్ ఇచ్చేటప్పుడు మన ఫోన్‌కొచ్చిన కోడ్ చెప్తేనే డెలివరీ అయినట్టు రాస్కుంటారు కదా అలాగే స్టూడెంట్ కోడ్ చెప్తేనే టికెట్ క్లోజ్ అయ్యేలా పెట్టండి అని. రూమ్ నంబర్ కాలమ్ వచ్చే సెమిస్టర్ నుంచి పెడతామన్నారు, మిగతా రెండూ చూస్తామన్నారు. ఇంకా తెలుగులో ఒక పేజీ సూచనలు కూడా అడిగా. పల్లెటూళ్ళ నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లిష్ లాగిన్ పేజీ చూసి, ఏదైనా తప్పు నొక్కితే ఫైన్ పడుతుందేమోనని వారాల తరబడి మొబైల్ రీచార్జ్‌లతో నెట్టుకొస్తున్నారు. మా జూనియర్ ఒకమ్మాయి సెమిస్టర్ సగం అలాగే గడిపింది, ఆ అమ్మాయిని కౌంటర్‌కి తీస్కెళ్తే పని పది నిమిషాల్లో అయిపోయింది, మేడమ్ తెలుగులోనే చక్కగా చెప్పారు. అదే చెప్పడం ఒక కాగితం మీద ఉంటే ఆ అమ్మాయికి అంత డబ్బు పోయేది కాదు. ఆ పేజీ రాసిస్తానని నేనే అన్నా, మేడమ్ ఒప్పుకున్నారు, డ్రాఫ్ట్ ఆవిడ దగ్గర ఉంది.

కోర్సు అయిపోయి వెళ్ళిపోయేవాళ్ళు, నో డ్యూస్ ఫామ్ మీద కంప్యూటర్ సెంటర్ సంతకం కూడా ఉంటుంది, అది పడ్డాక మా దగ్గర మెయిల్ అకౌంట్ మూసేస్తారు. ఆ మెయిల్‌తో ఓపెన్ చేసిన జర్నల్ అకౌంట్లు, ఆర్కిడ్ (రీసెర్చర్ల గుర్తింపు ఐడీ), డ్రైవ్‌లో డేటా, అన్నీ ముందే సొంత మెయిల్‌కి మార్చుకోండి. సంతకానికి వెళ్తే మేడమ్ ముందు అదే అడుగుతారు, మార్చుకోలేదంటే ఫామ్ వెనక్కిచ్చి మార్చుకున్నాక రమ్మంటారు, తొందరపెట్టకండి.